అభ్యంతరం ఉన్నవారు

అయ్యగారు మా ఇంట్లోకి వచ్చి, అమ్మ వేసిన కుర్చీలో కూర్చోకుండానే, "పంతులూ, మీ అమ్మాయి విషయం ప్రభువు నాకు చూపించాడయ్యా" అన్నారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేతిలో బియ్యం చేట ఉంది. నా విషయం దేవుడు ఇంకొకరికి చూపించడం ఏమిటో అర్థం కాక, ఆ చేటను అలాగే పట్టుకుని ఉండిపోయాను.

"మా మేనల్లుడు. బెజవాడ రైల్వే లోకోషెడ్డులో పని. మీరెరిగిన కుర్రాడే. తెల్లవారుజామున ప్రార్థనలో ఉండగా వాణ్ణీ, మీ పిల్లనీ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు ప్రభువు. ఇందులో ఇంక మనం ఆలోచించేదేం లేదు. లోబడటమే."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, సంతోషంతో. నాన్న చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తూ "చిత్తమండీ" అన్నారు. అది ఒప్పుకోలో, మర్యాదో నాకు తెలియలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయ్యగారు వెళ్తూ నా తలమీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళారు.

అది జై ఆంధ్రా ఉద్యమం నడుస్తున్న చలికాలం. బెజవాడలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నదాన్ని, కాలేజీ మూసేసి హాస్టల్ ఖాళీ చెయ్యమంటే ట్రంకు పెట్టె అక్కడే వదిలి, దొరికిన బస్సెక్కి మా ఊరు వచ్చేశాను. మా ఊరు బందరు వెళ్ళే దారిలో, కాలవ గట్టు మీద. ఊరికి తూర్పున మా క్రైస్తవుల పేట, పేట మధ్యలో పెంకుల గుడి, దాని పక్కనే మిషన్ స్కూలు. నాన్న ఆ స్కూల్లో హెడ్మాస్టరు. గుడికి కాపరీ, అంటే పాస్టరూ, స్కూలుకు మేనేజరూ ఇద్దరూ అయ్యగారే.

ఉద్యోగ భయం ఒక్కటే అయితే నాన్న అంతగా తలవంచేవారు కాదు. అయ్యగారి మాటను తేలిగ్గా తీసుకోవడం మా పేటలో ఎవరివల్లా అయ్యేది కాదు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు, ముసురు పట్టిన రోజుల్లో, సాయంత్రం ప్రార్థన మధ్యలో ఆయన ఉన్నట్టుండి పాట ఆపించి, "పిల్లాజెల్లాతో అందరూ స్కూలు మేడ మీదికి పదండి, ఇప్పుడే" అన్నారట. అప్పటికి కాలవలో నీళ్ళు గట్టుకు బాగా కిందనే ఉన్నాయి. కొందరు నవ్వుకున్నారు కూడా. అయినా వెళ్ళారు. తెల్లారేసరికి ఎగువన గండి పడింది. పేటలో గుడిసెల కప్పులు తప్ప ఏమీ కనపడలేదు. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. అమ్మ నన్ను ఆ మేడ మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కథ వింటూ పెరిగిన పిల్లను నేను. అలాంటి మనిషి "ప్రభువు చూపించాడు" అంటే కాదనడానికి నేనెవరిని?

అయినా ఆయన మాట విన్న క్షణం నుంచి గుండెల మీద ఏదో పెట్టినట్టు బరువుగా ఉంది. అన్నం సయించేది కాదు. ఆ కుర్రాడిలో వంక పెట్టడానికేమీ లేదు. పండగలకు వచ్చినప్పుడు చూశాను, నెమ్మదస్తుడు. మరి ఈ బరువేమిటి? నా అవిధేయతేనా? మరుసటి ఆదివారం అయ్యగారు, దేవుడు ఒకచోటికి పొమ్మంటే ఇంకోచోటికి ఓడెక్కి పారిపోయి చేప కడుపులో పడిన ప్రవక్త గురించి ప్రసంగం చేశారు. చెప్తున్నంతసేపూ ఆడవాళ్ళ వైపు చాపల మీద నేను కూర్చున్న చోటు వైపే చూశారని నాకనిపించింది.

ఇంటికొచ్చి అమ్మతో మెల్లగా, "నాకేం తోచట్లేదమ్మా" అన్నాను.

"నీకు తోచడమేంటే? అయ్యగారికి తోచింది చాలదా?" అంది అమ్మ. కోపంగా కూడా అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయి అంది.

నా మొహం చూసి నాన్నే ఒక ఉపాయం చెప్పారు. గుణదలలో మా మేనత్త ఉండేది. నాన్నకు అక్క. ఆర్.సి.ఎం. వాళ్ళింటి, అంటే కాథలిక్కుల ఇంటి, కోడలై, భర్త పోయాక ఒక్కతే ఉంటూ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. కర్ఫ్యూ సడలించారని కబురు రాగానే, "కాలేజీ ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవచ్చు, అక్క దగ్గర కొన్నాళ్ళుండి రా అమ్మా" అని నన్ను బస్సెక్కించారు.

అత్తయ్య ఇల్లు కొండ కింద, సందులో. గుమ్మంలో నిలబడితే మేరీ మాత గుహకు మెట్లెక్కే జనం కనపడతారు. వెళ్ళిన సాయంత్రమే ఆమెకు అంతా చెప్పి ఏడ్చాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

"ఇంతకీ దేవుడి మాట నువ్వెప్పుడన్నా విన్నావా?" అని అడిగింది.

"లేదత్తయ్యా."

"మరి ఇంత పెద్ద విషయంలో మొట్టమొదటిసారి వినాలంటే ఎట్టా? రోజూ మాట్టాడని మనిషి గొంతు జనంలో ఎట్టా గుర్తుపడతావ్?"

"అయ్యగారు విన్నారు కదా."

"విన్నాడేమో. నేను కాదనను. కానీ గుళ్ళో పడుకున్న పిల్లాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలిచిన కథ చిన్నప్పుడు చదివావు కదా. వాడు లేచి ముసలి యాజకుడి దగ్గరికి పరుగెత్తాడు. ఆ ముసలాయన ఏం చేశాడు? వాడి బదులు తను విన్నాడా? పోయి పడుకో, ఈసారి పిలిస్తే వింటున్నానని చెప్పు, అని పంపించాడు. పెద్దవాళ్ళ పని అంతవరకే."

మర్నాటి నుంచి ఆమె డ్యూటీకి వెళ్ళే ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. కొంచెం బైబిలు వాక్యం చదివేది. తర్వాత, "ఈ రోజు ఏం చెయ్యమంటావు ప్రభువా" అని ఒక్క మాట అడిగి ఊరుకునేది. నన్నూ అలాగే చెయ్యమంది. పెళ్ళి సంగతి ఎత్తొద్దంది.

ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కళ్ళు మూసుకుంటే వీధికొళాయి దగ్గర బిందెల చప్పుడు, రైలు కూత, నా హాస్టలు పెట్టె. ముఖ్యంగా ఆ పెట్టె. అందులో నా పుస్తకాలు, ఒక మంగళగిరి చీర, అమ్మ కుట్టిన దుప్పటి ఉన్నాయి. ఒకరోజు అలా కూర్చున్నప్పుడు, "వెళ్ళు, ఇవాళే వెళ్ళు" అని లోపల ఎవరో తరుముతున్నట్టు అనిపించింది. ఒళ్ళు పులకరించింది. ఇదే ఆ మాట అనుకున్నాను. అత్తయ్యకు చెప్పకుండా, ఆమె డ్యూటీకి వెళ్ళాక బయలుదేరాను.

ఏలూరు రోడ్డు దాకా బాగానే ఉంది. అక్కడ రోడ్డు మధ్యలో టైర్లు కాలుతున్నాయి. కొట్లు టపటపా షట్టర్లు దించుతున్నారు. ఎక్కడినుంచో ఒక గుంపు నినాదాలు చేస్తూ వచ్చింది, వాళ్ళకెదురుగా పోలీసు వ్యాను. రాయి ఒకటి నా చెవి పక్కనుంచి పోయింది. నేను ఎటు పరుగెత్తానో నాకే తెలియదు. ఒక మందుల కొట్టాయన సగం దించిన షట్టరు కిందినుంచి నా చెయ్యి పట్టి లోపలికి లాగాడు. పోలీసులు వదిలిన టియర్ గ్యాసుకు కళ్ళు మండుతూ, దగ్గుతూ ఆ మందు సీసాల మధ్య కూర్చున్నాను. అంతా సద్దుమణిగాక హాస్టలుకు వెళితే గేటుకు తాళం. వాచ్‌మన్ కూడా లేడు.

ఇల్లు చేరి, అత్తయ్య తిడుతుందనుకుంటూనే చెప్పాను. ఆమె నా కళ్ళల్లో చల్లటి నీళ్ళు కొట్టి, అప్పుడు అడిగింది. "తొందర తొందరగా తరిమినట్టుందా?"

"అవును."

"వెళ్తే నీకేం దొరుకుద్ది?"

"నా పెట్టె."

"మరి? అది నీ పెట్టె మాట. దేవుడికి నీ దుప్పటితో ఏం పనే?" అని, నవ్వకుండా ఉండలేక నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు పులకరించినంత మాత్రాన ఆయన మాట కాదని తెలిస్తే, ఇక దేన్ని నమ్మాలి? అయ్యగారికి ఆ తెల్లవారుజామున పులకరించింది ఏమిటి? ఆ ఆలోచనకే భయపడి చెంపలు వేసుకున్నాను.

కొద్దిరోజులకు ఇంకొకటి జరిగింది. ఇది చెప్పుకోవడానికి చాలా చిన్నది. అత్తయ్య పక్క వాటాలో కొత్తగా దిగిన ఒకావిడ ఉండేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. కొళాయి దగ్గర నేను నవ్వినా మొహం తిప్పుకునేది. నాకు ఆవిడంటే కొంచెం కోపం కూడా. ఒక పొద్దున కూర్చున్నప్పుడు ఆవిడ గుర్తొచ్చింది. వెళ్ళి పలకరించు, అన్నట్టు. పక్కకు తోసేశాను. వంట చేస్తుంటే మళ్ళీ వచ్చింది. మర్నాడూ వచ్చింది. తరమలేదు, అరవలేదు. తలుపు దగ్గర వచ్చి నిలబడిన మనిషిలా, అంతే. వెళ్తే నాకు ఒరిగేదేమీ లేదు, మొహం మీదే తలుపు వేస్తే సిగ్గు.

చివరికి ఆ మధ్యాహ్నం చారు గిన్నె పట్టుకుని తలుపు కొట్టాను. ఆవిడ తీసింది. లోపల పొయ్యి రాజేసిన జాడ లేదు. నన్ను చూసి మొహం తిప్పుకోబోయి, ఉన్నట్టుండి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. భర్తను ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయారట. ఎక్కడ పెట్టారో తెలియదు. ఎవరితో అంటే ఏం ముంచుకొస్తుందోనని ఎవరితోనూ అనలేదట. పక్కన కూర్చుని అన్నం తినిపించాను. అత్తయ్య ఆ వారమంతా ఆవిడను తోడు తీసుకుని తిరిగి ఆచూకీ కనుక్కుంది. నేను చేసింది గిన్నె పట్టుకుని తలుపు కొట్టడమే.

ఆ రోజు పడుకున్నాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నన్ను తరిమినదీ, నాకోసం ఆగినదీ. తేడా కొంచెం తెలిసింది. అప్పుడు, పెళ్ళి సంగతి అడగనా అని అత్తయ్యనడిగాను.

"అడుగు. కానీ ముందు 'సరే' అనడానికి సిద్ధపడి అడుగు. వద్దని గట్టిగా అనుకుని అడిగితే నీ గొంతే నీకు తిరిగి వినపడుద్ది."

అది అన్నిటికంటే కష్టమైంది. ఆ కుర్రాణ్ణి చేసుకుని, అయ్యగారింటి బంధువునై, రైల్వే క్వార్టర్లో కాపురం పెట్టినట్టు ఊహించుకుని, నీ ఇష్టమైతే సరే ప్రభువా, అని మనస్ఫూర్తిగా అనగలగడానికి చాలా పొద్దులు పట్టింది. అన్నాక ఎదురు చూశాను. ఏ గొంతూ రాలేదు. అయ్యగారి మాటను తీసుకుని లోపల పెట్టుకోబోతే మాత్రం, వాలుగా ఉన్న నేల మీద చెంబు పెట్టినట్టు, జారిపోయేది. మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ జారేది.

ఆ సమయంలోనే ఆయన వచ్చాడు. అయ్యగారి మేనల్లుడు. వరండాలో అత్తయ్య వేసిన స్టూలు అంచున కూర్చున్నాడు. అత్తయ్య టీ ఇచ్చి, తలుపు తెరిచే ఉంచి లోపలికి వెళ్ళింది.

"మావయ్య వెళ్ళి మాట్టాడి రమ్మన్నారండీ" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం. "మీక్కూడా ప్రభువు చెప్పాడా?" అని అడిగాను.

"మావయ్యకు చెప్పాడు కదండీ."

"మిమ్మల్ని అడుగుతున్నాను."

గ్లాసు కింద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాన్న పోయిన దగ్గర్నుంచీ మమ్మల్ని మావయ్యే సాకారండీ. ఆయన నోట ఏదొస్తే అమ్మకి అదే దేవుడి మాట. మీరంటే ఇష్టం లేదని కాదు. మా కాలనీలో ఒకమ్మాయి ఉంది. ఆర్.సి.ఎం. వాళ్ళు. మాట ఇచ్చానండీ" అన్నాడు.

"మరి ఆ సంగతి మీ మావయ్యగారికి చెప్పండి!"

"నావల్ల కాదండీ." తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు. "మీరు కాదంటే బాగుంటుందండీ. నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను కాదంటే మా నాన్నగారి ఉద్యోగం ఏమవుద్దో తెలుసా మీకు? మా అమ్మ ఆ గుళ్ళో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటుందో తెలుసా?"

"తెలుసండీ" అన్నాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

తలుపు చాటున అత్తయ్య అంతా విన్నది. "ఇప్పుడు నీ చేతికి మంచి కారణం దొరికింది. వాడుకుంటావా?" అంది.

దొరికింది, నిజమే. ఒక్క మాట చాలు, అమ్మ కూడా నోరెత్తదు. కానీ అది ఆయన మోయాల్సిన మాట. నేను బయటపెడితే నా మెడ తప్పించుకోవడానికి ఆయన్ని ముందుకు తోసినట్టే. వాడుకోలేననిపించింది. అలా అనిపించినప్పుడు, ఆ చలికాలంలో మొదటిసారి, గుండెల మీది బరువు కాస్త కదిలింది.

నాన్న కబురు పెట్టడంతో ఒక శనివారం ఊరు చేరాను. అమ్మ ఎదురొచ్చి, సంచీ అందుకుంటూ చెప్పింది. "రేపే మొదటి ప్రకటన. వచ్చే నెల్లో పెళ్ళి."

మా సంఘాల్లో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయికీ, ఫలానా వారి అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపాలి అని. ఎవరూ ఏమీ తెలపరు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు, పాట అందుకుంటారు.

"నన్నడక్కుండా ప్రకటన ఎట్లా ఇచ్చారమ్మా?"

"నువ్వు వద్దనలేదు కదే!"

"సరే అని కూడా అనలేదు."

అమ్మ సంచీ కింద పెట్టేసింది. "దేవుడికి ఎదురు చెప్తావా? ఆ రోజు అయ్యగారి మాట వినకపోతే అంతా నీళ్ళల్లో పోయేవాళ్ళు. నువ్వూ నా ఒళ్ళో పోయేదానివి."

నాన్న నన్ను అరుగు మీదికి పిలిచారు. "ఎందుకు వద్దో ఒక్క కారణం చెప్పమ్మా. అది పట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్తాను" అన్నారు. చెప్పగలిగిన కారణం నా నాలుక చివర ఉంది. మింగేశాను.

"నేను అడిగాను నాన్నా. నాకు చెప్పలేదు ప్రభువు. అంతే."

"ఇది పట్టుకుని ఎట్టా వెళ్ళనమ్మా" అన్నారు. అయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు గుడికి వెళ్ళారు. మేం వెళ్ళేసరికి అయ్యగారి గదిలోంచి బయటికి వస్తున్నారు. మగవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చుని, నావైపు చూసి, కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపారు.

ఆ ఆరాధన ఎలా జరిగిందో నాకు గుర్తు లేదు. పాటలు పాడాను, లేచాను, కూర్చున్నాను. లోపల ఒకటే ప్రార్థన. ఒక్క మాట చెప్పు, లేవమనో, ఊరుకోమనో. ఏమీ వినపడలేదు. అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని కాగితం తీశారు. నాన్న పేరు చదివారు. నా పేరు చదివారు. "ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉంటే ఇప్పుడే తెలియజేయండి" అని, అలవాటు కొద్దీ కాగితం మడవబోయారు.

నేను లేచి నిలబడ్డాను. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. పక్కనున్న ముసలమ్మ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని కిందికి లాగింది.

"ఏంటమ్మా?" అన్నారు అయ్యగారు, నాకేదో ఒంట్లో బాగాలేదనుకున్నట్టు.

"అభ్యంతరం నాకుందండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "ప్రభువు చెప్పాక అభ్యంతరమేంటి?"

"సరే అనడానికి సిద్ధపడే అడిగానండీ. చాలా రోజులు అడిగాను. మీకు చెప్పాడేమో నాకు తెలియదండీ. నాకు చెప్పలేదు. చెప్తే చేస్తాను."

"కూర్చో!" అన్నారు. ఆ గొంతు కప్పుకు తగిలింది. నేను కూర్చోలేదు, ధైర్యంతో కాదు, కాళ్ళు మడత పడలేదు. అప్పుడు మగవాళ్ళ వైపు బెంచీ కిర్రుమంది. నాన్న లేచారు.

"నాక్కూడా అభ్యంతరమేనండీ. ఆ రోజు చిత్తమన్నాను. పిల్లను అడక్కుండా అన్నాను."

అయ్యగారు కాగితం పట్టుకుని ఎటూ చూడకుండా నిలబడ్డారు. తర్వాత గబగబా ముగింపు ప్రార్థన చేశారు. దానిలో రెండుసార్లు మాట తడబడింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అయ్యగారు రెండో ప్రకటన చదవలేదు, మొదటిదాన్ని రద్దు చెయ్యనూ లేదు. రేవులో నేను దిగితే మిగతా ఆడవాళ్ళు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయేవారు. "దేవుణ్ణే కాదంది" అనేవారు, నాకు వినపడేలా. ఆ కుర్రాడి తల్లి వచ్చి మా వాకిట్లో నిలబడి, నా కొడుకులో ఏం లోపం చూశావే అని జుట్టు విరబోసుకుని ఏడ్చింది. నేను తలవంచుకుని నిలబడ్డాను. నాన్నను మెట్ట ప్రాంతం స్కూలుకు బదిలీ చేస్తారని పుకారు లేచింది. అమ్మ నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

పొద్దున్నే కూర్చుంటే, గుణదలలో దొరికిన ఆ కాస్త నెమ్మదీ లేదు. సరిగ్గానే విన్నానైతే ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారు? తప్పు విన్నానా? పెట్టె కోసం ఏలూరు రోడ్డు మీద పరుగెత్తినట్టే ఇదీనా? వేరే ఊళ్ళో వేరే సంఘంలో ఈ కథ ఎలా చెప్తారో గానీ, నాకు మాత్రం లేచి నిలబడ్డాక ఆకాశం ఏమీ తెరుచుకోలేదు.

శనివారాల్లో ఆడవాళ్ళం వంతులవారీగా గుడి ఊడ్చేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడు తోడు రావలసినవాళ్ళు రాలేదు. ఒక్కదాన్నే చాపలు దులుపుతుంటే అయ్యగారు గదిలోంచి వచ్చారు. చీపురు పక్కన పెట్టి నిలబడ్డాను. ఆయన వచ్చి ఒక బెంచీ మీద కూర్చున్నారు. ఆ కొద్ది వారాల్లోనే మనిషి చిక్కిపోయినట్టు కనిపించారు.

"మావాడు నిన్న వచ్చాడు. అంతా చెప్పాడు. ఆడపిల్ల గుళ్ళో లేచి నిలబడిందని తెలిశాక నిద్ర పట్టలేదంట వాడికి" అన్నారు. నావైపు తిరిగి, "నీకు ముందే తెలుసంట కదా. ఆ ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఎందుకు చెప్పలా?"

"చెప్పొద్దన్నారండీ."

ఆయన తల పంకించారు. "నీకెట్టా తెలిసిందమ్మా? ఇది ఆయన మాట కాదని?"

"తెలిసిందని చెప్పలేనండీ. మీ మాట మనసులో పెట్టుకుందామనే చూశాను. ఎన్నిసార్లు పెట్టుకున్నా లోపల నిలవలేదండీ."

ఆయన గుడి గుమ్మంలోంచి కాలవ వైపు చూశారు. "ఆ గండి పడ్డ రోజు నేను విన్నాను. దాని గురించి ఎవరేమన్నా నేనొప్పుకోను. విన్నాను. ఆ తర్వాతే వచ్చింది చిక్కు. ఏ ఇంటికెళ్ళినా, ప్రభువేమన్నాడండీ అయ్యగారూ అని అడిగేవాళ్ళు. ఏమీ అనలేదని చెప్పడానికి నోరొచ్చేది కాదు. నా మనసుకు మంచిదని తోచినదానికి ఆయన పేరు పెట్టడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. వాడూ నువ్వూ బావుంటారనుకున్నాను. అది నేననుకున్నది."

ఆయనంటే అన్నాళ్ళూ భయం ఉండేది. ఆ క్షణంలో మాత్రం జాలి వేసింది. ఎవరూ ఆయన్ని ఒక్క పూటైనా ఊరికే కూర్చోనివ్వలేదు కదా అనిపించింది.

మర్నాడు ఆయన ప్రకటనను రద్దు చేస్తున్నట్టు చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇందులో పిల్ల తప్పేం లేదు. తొందరపడింది నేను" అన్నారు. ఇంకేమీ వివరించలేదు. అమ్మ పక్కన కూర్చున్న నాకు ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది.

అందరూ సంతోషించలేదు. అయ్యగారు అలా అనకుండా ఉండాల్సిందన్నారు చాలామంది. అడిగితే జవాబు చెప్పే నోరు ఒకటి ఉండేది, ఇప్పుడు ఎవర్నడగాలి అని ఒక పెద్దాయన మా నాన్నతోనే వాపోయాడు. రెండు మూడు కుటుంబాలు పక్కూరి సంఘానికి మారిపోయాయి. నాన్న బదిలీ మాట పుకారుగానే పోయింది. ఆ కుర్రాడు తల్లితో చాలాకాలం పోరాడి, మాట ఇచ్చిన అమ్మాయినే చేసుకున్నాడు. పెళ్ళికి తల్లి రాలేదు. అయ్యగారు వెళ్ళారు.

కాలేజీలు తెరిచారు. పరీక్షలు రాశాను. వేసవి చివర సముద్రం దగ్గర ఒక పల్లెలో టీచరు పోస్టుందని కబురొచ్చింది. దూరం, ఉప్పునీళ్ళు, బస్సు దిగి పడవ దాటాలి. వెళ్ళాలో వద్దో ఇంట్లో ఎవరికీ తేలలేదు. ఇదివరకైతే అమ్మ కొంగు బిగించి తిన్నగా అయ్యగారింటికి వెళ్ళేది. ఈసారి వెళ్ళలేదు. అలాగని నాతోనూ ఏమీ అనలేదు.

ఒక పొద్దున నేను వసారాలో కూర్చుని ఉంటే, అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఎప్పుడూ పెద్దగా, ఏడుస్తూ ప్రార్థన చేసే మనిషి నోరు మూసుకుని కూర్చోవడానికి అవస్థ పడింది. కాళ్ళు సర్దుకుంది. దగ్గింది. కోడిని అదిలించింది. చాలాసేపటికి, "ఏమన్నా వినపడిందే?" అని గుసగుసగా అడిగింది.

"లేదమ్మా."

"నాకూ లేదు." కొంచెం నిరాశగా, కొంచెం అనుమానంగా నావైపు చూసింది. "మరెట్టా?"

"రేపు మళ్ళీ కూర్చుందాం."

అమ్మ లేచి వెళ్ళి పొయ్యి ముట్టించింది. మర్నాడు నేను లేచేసరికి, నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది.